దీవిలో స్థిరపడిన కథకుడు: రాబర్ట్ లూయీ స్టీవెన్సన్

ప్రశాంతమైన దీవి యనగానే మన మనస్సున నొక చిత్రము గోచరించును. నీలసముద్రము, కొబ్బరిచెట్లు, తెల్లని యిసుక, జనసంచారము లేని తీరము. పట్టణపు సందడికి విసిగినవారును, రోగపీడితులును అట్టి చోట కొంతకాలము సుఖముగ నుండవలెనని కోరుదురు. ఆ కోరికతోనే పసిఫిక్ మహాసముద్రమునకు బయలుదేఱి, యచ్చటనే స్థిరపడి, యచ్చటనే కన్నుమూసిన రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్. మన విద్యార్థులలో కొందఱు ఆయన పేరెఱుగకున్నను, ఓడదొంగలు దాచిన నిధికై సాగిన ప్రయాణమును వర్ణించు 'ట్రెజర్ ఐలాండ్' కథను వినియుందురు. నండూరి రామమోహనరావుగారు దానిని 'కాంచనద్వీపము' అను పేర తెలుగు చేసిరి. ఆ కథను వ్రాయునాటికి స్టీవెన్సన్ పసిఫిక్ దీవులలో నొక్కదానినైనను చూచియుండలేదు. నిజమైన దీవి ఆయనకు తరువాత లభించెను. అచ్చట ఆయన గడపిన నాలుగేండ్ల జీవితము ఆ కథకంటె తక్కువ ఆసక్తికరమైనది కాదు.

స్టీవెన్సన్ 1850 వ సంవత్సరము నవంబరు 13 వ తేదీన స్కాట్లాండు దేశపు ముఖ్యపట్టణమగు ఎడింబరోలో జన్మించెను. తల్లిదండ్రులకు ఆయన యొక్కడే సంతానము. వారిది దీపస్తంభములు కట్టు ఇంజనీర్ల వంశము. తాతయగు రాబర్ట్ స్టీవెన్సన్, సముద్రము పోటెత్తినప్పుడు నీట మునిగిపోవు బెల్ రాక్ అను బండపై దీపస్తంభమును నిర్మించి, 1811 వ సంవత్సరమున దానియందు దీపము వెలిగించెను. పెదతండ్రి యగు అలన్, స్కెరీవోర్ అను మఱియొక బండపై అట్టి స్తంభమునే 1844 నాటికి నిలిపెను. తండ్రియగు థామస్, దీపకాంతిని దూరమునకు ప్రసరింపజేయు సాధనములను మెఱుగుపఱచెను. చీకటిలో నావికులకు త్రోవ చూపుట వారి కులవృత్తి వంటిది.

బాలుడు మాత్రము చిన్ననాటనుండియు రోగియే. ఊపిరితిత్తులు బలహీనమైనవి. శీతకాలమున దగ్గుతో రాత్రులు నిద్ర పట్టెడిది కాదు. అట్టి రాత్రులందు అలిసన్ కన్నింగ్‌హామ్ అను దాది ప్రక్కనే కూర్చుండి, బైబిలు కథలును స్కాట్లాండు వీరుల కథలును చెప్పుచుండెడిది. బడికి పోవుట అరుదు. కథలు వినుట నిత్యము. చదువనేర్చుటకు ముందే ఆయన కథలు కట్టి యితరులచే వ్రాయించెడివాడు. తరువాత 1885 లో బాలుర కొఱకు రచించిన పద్యసంపుటమును ఆయన ఆ దాదికే అంకితమిచ్చెను.

1867 లో స్టీవెన్సన్ ఎడింబరో విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదువుటకు చేరెను. కొడుకు తన వృత్తిని చేపట్టవలెనని తండ్రి కోరిక. కొడుకు మనస్సు రచనపై నుండెను. 1871 లో ఆయన ఆ మాటను తండ్రికి స్పష్టముగ చెప్పివేసెను. తండ్రికి కష్టము తోచినను, జీవనాధారముగ న్యాయశాస్త్రమైన చదువుమని ఒడంబడిక చేసికొనెను. కొడుకు 1875 లో న్యాయవాదిగ పట్టము పొందెను గాని, కోర్టులో వాదించినది మిక్కిలి స్వల్పము. మఱుసటి సంవత్సరము ఫ్రాన్సులో ఫానీ ఆస్‌బర్న్ అను అమెరికా స్త్రీతో పరిచయము కలిగెను. ఆమె ఆయనకంటె పదేండ్లు పెద్ద. ఇద్దఱు బిడ్డల తల్లి. 1879 లో ఆమెకై స్టీవెన్సన్ పేదల ఓడలోను, వలసకూలీల రైలులోను ప్రయాణము చేసి, కాలిఫోర్నియా చేరునప్పటికి చావు బ్రతుకులలో నుండెను. 1880 మే నెలలో వారికి శాన్‌ఫ్రాన్సిస్కోలో వివాహము జరిగెను.

మఱుసటి యేడు వేసవిలో వారు స్కాట్లాండునకు తిరిగివచ్చి, బ్రేమార్ అను గ్రామమున బస చేసిరి. వర్షము విడువకుండ కురియుచుండెను. పదమూడేండ్ల సవతికొడుకు లాయిడ్‌కు ప్రొద్దుపుచ్చుటకై స్టీవెన్సన్ రంగులతో ఒక దీవి పటమును గీచెను. పటమున కొండలు, రేవులు, నిధి దాచిన చోటు గుర్తించునప్పటికి, వాటి నడుమ తిరుగు మనుష్యులు ఆయన కన్నుల యెదుట నిలిచిరి. దినమున కొక ప్రకరణము చొప్పున వ్రాసి కుటుంబమునకు చదివి వినిపించుచుండెను. ఒకప్పుడు కొడుకు రచనావ్యాసంగమునకు వగచిన తండ్రియే ఇప్పుడు బాలుని వలె ఉత్సాహపడి, కథలోని ఓడదొంగ పెట్టెలో నుండవలసిన వస్తువుల పట్టికను స్వహస్తముతో వ్రాసియిచ్చెను. ఆ కథయే 1883 లో పుస్తకరూపమున వెలువడి, ఆయనకు కీర్తి తెచ్చిన 'ట్రెజర్ ఐలాండ్'.

కీర్తి వచ్చెను గాని ఆరోగ్యము రాలేదు. స్విట్జర్లాండులోని డావోస్ కొండలు, దక్షిణ ఫ్రాన్సు తీరము, ఇంగ్లాండులోని బోర్న్‌మత్ పట్టణము, ఇట్లు ఆయన మంచి గాలికై ఊరూరు తిరుగవలసివచ్చెను. బోర్న్‌మత్‌లో మంచము విడువకయే 'డాక్టర్ జెకిల్, మిస్టర్ హైడ్' కథను రచించెను. అది 1886 లో ప్రకటింపబడెను. 1887 మే నెలలో తండ్రి మరణించెను. ఆగస్టులో స్టీవెన్సన్ తల్లితోను భార్యతోను అమెరికాకు బయలుదేఱి, సరనాక్ లేక్ అను మంచుప్రదేశమున శీతకాలము గడపెను. ఆ చలికూడ పడలేదు. వెచ్చని సముద్రగాలి యొక్కటే మిగిలిన యుపాయముగ తోచెను. 1888 జూన్ 28 వ తేదీన వారు 'కాస్కో' అను తెరచాపల ఓడను అద్దెకు తీసికొని శాన్‌ఫ్రాన్సిస్కో రేవు విడిచిరి. జనుల సందడికి దూరముగ కొంతకాలము సముద్రముపై తిరిగి, బలము పుంజుకొని, స్వదేశము చేరుటయే వారి యుద్దేశము.

మొదట వారు చూచినవి మార్కెసాస్ దీవులు. నూకూహీవా అను దీవి రేవులో ఓడ నిలిచెను. పచ్చని కొండలు, లోయలు, తేట నీరు, పక్షుల కూతలు తప్ప మఱే ధ్వనియు లేని ప్రశాంతత. అయితే లోయలలోనికి పోయి చూచినప్పుడు స్టీవెన్సన్‌కు ఆ ప్రశాంతతకు కారణము తెలిసెను. ఇండ్లు కట్టుకొనిన రాతి అరుగులు వరుసగ మిగిలియుండెను. వాటిపై ఇండ్లు లేవు. వెలుపలినుండి వచ్చిన ఓడలతో పాటు మశూచియు క్షయయు వచ్చి ఆ జనమును తుడిచిపెట్టెను. హపా యను తెగవారు నాలుగువందల మందిలో నాలుగవవంతు మశూచిచే పోగా, మిగిలినవారిలో ఒక స్త్రీకి క్షయ సోకి, ఏడాది తిరుగకుండ ఇద్దఱు మాత్రమే మిగిలిరని ఆయన వినెను. తన ఊపిరితిత్తుల రోగమునకు శాంతి వెదకుచు వచ్చినవానికి, అదే తీరు రోగముచే శూన్యమైన లోయ కనబడెను. దీవి నిశ్శబ్దముగ నుండుటకు అచ్చటి మనుష్యులు గతించుటయే హేతువైనచో ఆ నిశ్శబ్దమును సుఖమని యెట్లనగలము? ఈ సంగతి ఆయన తరువాతి రచనలలో పలుమాఱు కనబడును.

మార్కెసాస్ జనులతో చెలిమి చేయుటకు ఆయన యొక యుపాయము కనిపెట్టెను. వారి ఆచారములను గూర్చి ప్రశ్నించిన వారు మాటలాడరు. తన దేశపు కొండజాతుల ఆచారములను, తెగల పగలను, పాతకథలను ముందుగ తాను చెప్పిన, వారును తమ కథలు చెప్పుదురు. స్కాట్లాండు కొండజాతులు ఇంగ్లాండు ప్రభుత్వముచే అణచివేయబడి, తమ వేషమును, ఆయుధములను, నాయకులను కోల్పోయినవారు. దీవులవారి కష్టములను ఆయన తన పూర్వుల కష్టములతో పోల్చి తెలిసికొనెను. దాది చెప్పిన కథలు ఇట్లు భూగోళపు మఱియొక వైపున ఉపయోగపడెను.

తాహితీ దీవిలో స్టీవెన్సన్‌కు జబ్బు మఱల తీవ్రమయ్యెను. తౌతీరా అను గ్రామమున ఓరీ అను నాయకుడు ఆ కుటుంబమును తన యింట నుంచుకొనెను. అదే సమయమున కాస్కో ఓడ స్తంభములు పుచ్చియున్నవని తెలిసి, ఓడ మరమ్మతునకై దూరపు రేవునకు పోయెను. చేతిలో ద్రవ్యము సన్నగిల్లెను. ఓరీ వారిని కడుపులో పెట్టుకొని రెండు నెలలు పోషించెను. ఇద్దఱును ఆ దేశాచారము ననుసరించి పేర్లు మార్చుకొని సోదరులైరి. తరువాత హవాయి దీవులలో ఆయన సుమారు అయిదు నెలలుండెను. 1889 మే నెలలో మొలకాయి దీవిలోని కుష్ఠరోగుల నివాసమునకు పోయెను. ఆ రోగులకు సేవచేసి, ఆ రోగముతోనే ఫాదర్ డేమియన్ మరణించి అప్పటికి కొన్ని వారములే అయినవి. స్టీవెన్సన్ అచ్చటి బాలికలతో ఆటలాడి, తరువాత వారికొక పియానోను పంపెను. ఒక మతాచార్యుడు డేమియనును నిందింపగా, మరుసటి యేడు ఆయన తీవ్రమైన బహిరంగలేఖ వ్రాసి ఖండించెను.

1889 డిసెంబరు 7 వ తేదీన స్టీవెన్సన్ సమోవా దీవులలోని ఉపోలూ దీవికి చేరెను. శాన్‌ఫ్రాన్సిస్కోకును సిడ్నీకిని నడుమ తిరుగు టపా ఓడలు అచ్చటి ఆపియా రేవుమీదుగ పోవుటచే రచయితకు వసతిగ నుండెను. మఱుసటి నెలలోనే ఆపియాకు సుమారు మూడు మైళ్ళ దూరమున, వాయియా కొండ పాదమున, మూడువందల యెకరములకు పైగా అడవినేల కొనెను. సెలయేళ్ళు గల ఆ చోటికి వైలీమా యని పేరు. ఒకసారి చలిదేశమునకు తిరిగి పోజూచెను గాని, సిడ్నీ చేరగానే జ్వరము తగిలి రక్తము పడెను. ఇక స్వదేశము తన కబ్బదని నిశ్చయమయ్యెను. 1890 సంవత్సరాంతమున ఆయన వైలీమాలో కాపురము పెట్టెను.

మంచములో పడియుండి వ్రాసిన మనిషి ఇచ్చట చేత కత్తి పట్టి అడవి నఱకెను; కలుపు తీసెను; గుఱ్ఱముపై ఆపియాకు పోయివచ్చుచుండెను. కోకో మొక్కలు నాటించెను. చెక్కతో పెద్ద యిల్లు కట్టించి, తల్లిని, భార్యను, ఆమె బిడ్డలను దగ్గఱ నుంచుకొనెను. ఇంటి పనివారందఱు సమోవావారే. ఆయన వారిని పరివారముగ గాక కుటుంబముగ చూచెను. తగవులు తీర్చెను, రోగములకు మందిచ్చెను, వారి భాష నేర్చుకొనెను. పండుగదినములలో వారు కట్టు లావాలావా యను లుంగీలు స్కాట్లాండు గళ్ళబట్టతో కుట్టబడినవి. జనులు ఆయనను టుసిటాలా యని పిలిచిరి. కథలు వ్రాయువాడని దాని యర్థము.

ఆ పేరు సార్థకమైన విధమును మన విద్యార్థులు గమనింపవలెను. స్టీవెన్సన్ సీసాలోని భూతమును గూర్చి యొక కథ రచించెను. ఆ సీసా గలవాడు కోరినదెల్ల పొందును. కాని దానిని కొన్న వెలకంటె తక్కువకు అమ్మివేయక చనిపోయిన నరకము తప్పదు. 1891 లో ఈ కథ సమోవా భాషలోనికి అనువదింపబడి, లండన్ మిషనువారు నడపు పత్రికలో నెలనెలా వెలువడెను. విశాఖపట్టణమునను బళ్ళారియందును పనిచేసి తెలుగు గ్రంథములు అచ్చువేయించినదియు ఆ మిషనే. అంతకుముందు సమోవా భాషలో అచ్చైనవి ప్రధానముగ మతగ్రంథములు, పాఠ్యపుస్తకములు. ఇప్పుడు తమ భాషలో, తమ వంటి దీవివాసియే నాయకుడుగా గల కల్పితకథను జనులు చదివిరి. కొందఱు దానిని నిజమని నమ్మి, వైలీమాకు వచ్చి పెద్ద యింటిని చూచి, ఆ సీసా యెక్కడ దాచితిరని అడుగుచుండిరట.

వైలీమా చుట్టును శాంతి యుండెనా? లేదు. జర్మనీ, బ్రిటన్, అమెరికా యను మూడు రాజ్యములు సమోవాపై కన్ను వేసి, ఒక్కొక్క నాయకుని ఒక్కొక్కరు ప్రోత్సహించుచుండిరి. 1889 నాటి బెర్లిన్ ఒప్పందముచే మాలియేటోవా లౌపేపా రాజుగ నిలుపబడెను. జనాదరణ గల మతాఫా అను మఱియొక నాయకుడు ప్రక్కన నుంచబడెను. ఈ యన్యాయములను స్టీవెన్సన్ లండను పత్రికలకు లేఖలుగ వ్రాసెను. 1892 లో సమోవా కలహముల చరిత్రను ఒక గ్రంథముగ ప్రకటించెను. కథలు వ్రాసికొనుచు సుఖముండక ఈ గొడవ లేలయని లండనులోని మిత్రులు కొందఱు విసిగికొనిరి. దూరమున నున్న వారికి అది చిన్న దీవి. ఆయనకు అది ఇరుగుపొరుగు.

1893 జూలై నెలలో యుద్ధము జరిగి మతాఫా ఓడిపోయెను. ఆయనను మార్షల్ దీవులకు ప్రవాసము పంపిరి. ఆయన పక్షపు నాయకులు పెక్కుమంది ఆపియా చెఱసాలలో వేయబడిరి. స్టీవెన్సన్ వారికి ఆహారమును, పొగాకును తీసికొనిపోయెను, రోగులకు వైద్యుని పిలిపించెను, విడుదలకై పాటుపడెను. 1894 లో విడుదల పొందిన నాయకులు ఇండ్లకు పోకముందే వైలీమాకు వచ్చి, ఆయన యింటికి పెద్దదారినుండి బాట వేయుదుమనిరి. కూలి వలదనిరి. ఆ దేశమున బాటలు వేయుట నాయకుల గౌరవమునకు తగిన పని కాదు. అయినను వారు తమ చేతులతో ఆ పని పూర్తిచేసి, దానికి ప్రేమహృదయముల బాట యని పేరిడిరి.

1894 అక్టోబరులో ఆ బాట పూర్తియైన సందర్భమున స్టీవెన్సన్ విందు చేసి వారిని గూర్చి ప్రసంగించెను. అందులో పొగడ్త కొంత, హెచ్చరిక యెక్కువ. యుద్ధమున శౌర్యము చూపుట కాదు, బాటలు వేసి, తోటలు నాటి, తమ నేలను తాము సాగుచేసికొనుటయే దేశమును రక్షించు మార్గమని ఆయన బోధించెను. అట్లు చేయనిచో ఇతరులు వచ్చి ఆ నేలను ఆక్రమింతురని చెప్పెను. ఐర్లండులోను, తన స్కాట్లాండు కొండలలోను, హవాయిలోను జరిగినదానిని నిదర్శనముగ చూపెను.

ఆ తరువాత రెండు నెలలైన గడువలేదు. డిసెంబరు 3 వ తేదీ ఉదయమంతయు ఆయన 'వియర్ ఆఫ్ హెర్మిస్టన్' అను నవలను వ్రాయుచుండెను. ఆ నవలకు రంగము స్కాట్లాండు. అందలి పాత్రలు మాటలాడునది ఆయన చిన్ననాట దాదినోట విన్న స్కాట్స్ పలుకుబడి. ఆ భాష కాలక్రమమున మఱుగుపడునేమో యని ఆయనకు విచారము. 1887 నాటి తన కవితాసంపుటమున ఒక భాగమును ఆ భాషలోనే రచించియుండెను. ఆ సాయంకాలము భార్యకు వంటలో సాయపడుచు హఠాత్తుగ తల పట్టుకొని క్రిందపడెను. మెదడులో రక్తనాళము చిట్లెను. రాత్రి ప్రాణము విడిచెను. వయస్సు 44 సంవత్సరములు. జీవితమంతయు భయపెట్టిన ఊపిరితిత్తుల వ్యాధి ఆయనను చంపలేదు. నవల అసంపూర్ణముగ మిగిలిపోయెను.

వార్త వినగానే సమోవా నాయకులు మేలైన చాపలు తెచ్చి శవముపై కప్పి, రాత్రి మేలుకొని కాచిరి. వాయియా కొండ శిఖరముపై తన్ను పాతిపెట్టవలెనని ఆయన కోరియుండెను. అచ్చటికి త్రోవ లేదు. తెల్లవాఱగనే జనులు గొడ్డళ్ళతో కత్తులతో దట్టమైన అడవిని నఱకి, నిట్టనిలువు కొండపై బాట తీసి, శవమును భుజములపై మార్చి మార్చి మోసికొనిపోయి, ఆ మధ్యాహ్నమే సమాధి చేసిరి. తరువాత ఆ కొండపై పక్షులు బెదరకుండుటకై తుపాకి కాల్చరాదని నాయకులు కట్టడి చేసిరి. 1914 లో మరణించిన ఫానీ చితాభస్మమును మఱుసటి సంవత్సరము అచ్చటనే ఉంచిరి. సమోవా కొన్నాళ్ళు జర్మనీ క్రిందను, పిమ్మట న్యూజీలాండు క్రిందను ఉండి, 1962 లో స్వతంత్రమయ్యెను. వైలీమాలోని యిల్లు నేడు ఆయన స్మారకమైన వస్తుప్రదర్శనశాల.

విద్యార్థులారా! స్టీవెన్సన్ ప్రశాంతమైన దీవిని వెదకుచు పోయెను. దీవి దొరకెను. అచ్చటి మనుష్యులతో మాటలాడ నేర్చిన పిదప అది నిశ్శబ్దముగ నుండలేదు. వారి కష్టములు వినబడెను, విన్నవాడు ఊరకుండలేకపోయెను. ఆయనకు దొరకిన శాంతి, కొండపైకి బాట వేసిన ఆ జనుల స్నేహము.

తల్లిదండ్రులకును ఒక మాట విన్నవింపవలసియున్నది. మనము ఇతర భాషల నడుమ తరతరములుగ నివసించుచున్నాము. పొరుగువారి భాష నేర్చిన మన భాష పోవునని కొందఱును, మన భాష పట్టుకొని యుండిన పిల్లలు వెనుకబడుదురని కొందఱును భయపడుచున్నారు. స్టీవెన్సన్ సమోవా భాష నేర్చినవాడు. మరణదినమునను తన యింటి పలుకుబడిలో వ్రాయుచున్నవాడు. ఒకటి రెండవదానికి అడ్డు రాలేదు. ఆయన కథల సంచి రోగశయ్యపై దాదినోట నిండినది. మన యిండ్లలోను అవ్వలు, తాతలు కలరు. రాత్రి భోజనమైన పిదప వారిచే ఒక కథ చెప్పించి పిల్లలచే విన్పించుడు. ఆ కథను మఱునాడు తెలుగులో వ్రాసి తెచ్చిన విద్యార్థి పని, తరగతిలో నేర్పు వ్యాసరచనకంటె తక్కువది కాదు.